పాటలో అడిగిన నీళ్లు

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఆయన బతికున్నంత కాలం అన్నాడు, ప్రొద్దుటూరు బడిలో నాతో పనిచేసిన టీచర్లు నా వెనకాల అన్నారు, నా కూతురు సునీత ఇప్పటికీ ముఖం మీదే అంటుంది. ఒకటో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా చదువు చెప్పినదాన్ని, నోరు లేకపోతే ఎట్లా గడుస్తుంది? కూరగాయల అంగట్లోనైనా, బస్సులోనైనా, పెళ్లి పందిట్లోనైనా నేను నోరు మూసుకుని ఊరుకున్నది లేదు. ఒక్కసారి తప్ప. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఈ మధ్య మనవడి పుట్టినరోజుకు పులివెందుల పోయి ఉండకపోతే, ఎవరికీ చెప్పకుండానే పోయేదాన్నేమో.

అభికి నాలుగేళ్లు నిండాయని సునీత ఘనంగా చేసింది. పగటి పూట విందు. హాలు నిండా బెలూన్లు, వంటింట్లోంచి బిర్యానీ వాసన, చుట్టాలు, పక్కిళ్లవాళ్లు. సునీత, అల్లుడు శేఖర్ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి పిల్లవాడు పగలంతా వాళ్ల నాయనమ్మ దగ్గర ఉంటాడు. వాడి గొప్ప ఏమిటంటే, విన్నదేదీ మరిచిపోడు. ఫోన్లో పాటలు, టీవీలో సబ్బు ప్రకటనలు, రైల్వే స్టేషన్‌లో మైకులో చెప్పే మాటలు మూడు భాషల్లోనూ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. ఆ రోజు వాణ్ణి కుర్చీ ఎక్కించి ఒకదాని తర్వాత ఒకటి చెప్పించారు. "కలెక్టరు అయితాడు సూడుమా నీ మనవడు" అని పక్కింటావిడ నా భుజం తట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూనే ఉన్నాను గానీ నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే అప్పటికే రెండు రోజులుగా నేను ఆ ఇంట్లో ఉన్నాను. "ఏం తిన్నావురా నాయనా?" అని అడిగితే "ఏం తిన్నావురా నాయనా" అని నా మాట నాకే తిప్పి ఇచ్చాడు. "నా చెప్పులు తెచ్చిపెట్టు" అంటే నా ముఖం వంక చూశాడు. చెయ్యి అటు చూపిస్తే పరుగున తెచ్చాడు. చెయ్యి చూపకుండా ఇంకోటి అడిగితే నిలబడిపోయాడు. చెవుడా అనుకుందామంటే, పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే చాలు పరిగెత్తుతాడు. దాహమేస్తే ఫ్రిజ్ ముందు నిలబడి కూల్‌డ్రింకు ప్రకటన మొదటినుంచి చివరిదాకా చెబుతాడు. వాళ్ల నాయనమ్మ మురిసిపోయి గ్లాసు అందిస్తుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అన్ని మాటలు వచ్చిన పిల్లవాడికి మాట రాదని ఎవరనుకుంటారు?

కేకు కోసే ముందు వాడు కుర్చీ దిగి సునీత దగ్గరికి వచ్చాడు. కుడిచెవి మీద చెయ్యి పెట్టుకుని, ఫోన్లో డాక్టరు బొమ్మ పాడే పాట ఎత్తుకున్నాడు. సునీత ఫోను తీసి వీడియో పట్టింది. "మా, సూడు ఎంత ముద్దుగా పాడ్తాండాడో!" పాట అయిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, ఇంకా గట్టిగా. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, పాట మాత్రం ఆగడం లేదు. "అబ్బో, యాక్టింగు గూడా వచ్చే వీనికి" అని ఎవరో అంటే అందరూ ఘొల్లుమన్నారు. వాడి ముఖంలో నాకు నా చెల్లెలు రూతి కనిపించింది. ఆరేళ్లప్పటి రూతి.

జమ్మలమడుగులో మా ఇల్లు చర్చి వెనక సందులో ఉండేది. నాయన మిషన్ బడిలో టీచరు. ఆదివారం చర్చిలో పిల్లల చేత వాక్యాలు కంఠతా పట్టించేదీ ఆయనే. తెల్లవారుతూనే మా ఇంట్లో రెండు చప్పుళ్లు లేచేవి. ఒకటి నాయన గొంతు సవరించుకోవడం, రెండోది జేజి విసుర్రాయి. జేజి అంటే నాయన వాళ్ల అమ్మ. ఆమెకు చదువు రాదు. అయినా కీర్తనల పుస్తకం పొద్దస్తమానం ఒళ్లోనే ఉండేది, నశ్యం డబ్బీ దాని కింద దాచేది కాబట్టి. పాస్టరుగారు గడప తొక్కితే డబ్బీ మాయమయ్యేది, తుమ్ములు మాత్రం ఆగేవి కావు. ఆ పుస్తకంలోని పాటలన్నీ జేజికి నోటికి వచ్చు. రాగులు విసిరేటప్పుడు పాడేది. ఆమెకు గడియారమూ అవే, కొలతా అవే. శేరు రాగులకు మూడు కీర్తనలు. ఏ రోజైనా పొట్టి కీర్తనతో సరిపెడితే, పిండి బరకగా ఉందని అమ్మ గొణిగేది.

రాయికి ఇటు జేజి, అటు రూతి, కొయ్యపిడి మీద ఇద్దరి చేతులూ. కూర్చోవడం వచ్చినప్పటినుంచీ రూతి చోటు అదే. పచ్చి రాగిపిండి వాసన, పొయ్యి మీద సంగటికి పెట్టిన ఎసరు, జేజి నశ్యం ఘాటు, వీటి మధ్య కూర్చుని అది ఒక్క చరణం వదలకుండా పాటలన్నీ నేర్చుకుంది. నాలుగేళ్లకే జేజితో సమానంగా పాడేది. ఏం గొంతు అది! చర్చిలో ముందు వరసల ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఆ గొంతే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

"నీ పేరేంది పాపా?" అంటే చెప్పదు. "బువ్వ తిన్నావా?" అంటే "తిన్నావా" అంటుంది. "పీట తీసుకోని రా" అంటే చెంబు తెస్తుంది. ఆరేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి సొంతంగా అనలేదు. పాట కూడా రాకపోయి ఉంటే మూగపిల్ల అనుకుని జాలిపడేవాళ్లేమో. పాడుతుంది కాబట్టి పొగరు అన్నారు. అందరికంటే ముందు అన్నది నాయన. "అన్ని చరణాలు పాడే నాలికకు 'నా పేరు రూతమ్మ' అనేది బరువైందా? కొవ్వు! మొండితనం!" మాలాంటి ఇళ్లల్లో మాత్రమే చేసే పొరపాటు అది. కంఠతా పట్టడమే చదువు, అప్పజెప్పడమే భక్తి అనుకున్న ఇల్లు మాది. నోటికి వచ్చిందంటే బుర్రకు ఎక్కిందనే అనుకునేవాళ్లం. జేజి ఒక్కతే ఒప్పుకోలేదు. వసకొమ్ము సానరాయి మీద అరగదీసి తేనెతో నాకించింది. నాయనకు తెలియకుండా పక్కింటి మస్తానమ్మ చేత దర్గా నుంచి చక్కెర తెప్పించి దాని నాలుక మీద పెట్టింది. "దానికి మొండితనం ల్యారా, మాట యాడో ఇరుక్కునింది" అనేది కొడుకుతో. ఇరుక్కున్న మాటను బెత్తంతో బయటికి లాగొచ్చని నాయన అనుకున్నాడు. అది ఏడుస్తూ కూడా పాటే పాడేది, అందుకు ఇంకో దెబ్బ పడేది.

దాని భాష నేను కనిపెట్టాను. ఎవరూ నేర్పలేదు, ఒకే చాప మీద పడుకునేవాళ్లం కాబట్టి తెలిసిపోయింది. ఆకలైతే రొట్టెల మాట వచ్చే పాట. దాహమైతే బావి దగ్గరి ఆడమనిషి పాట. భయమేస్తే తుఫానులో పడవ పాట. నిద్రొస్తే సాయంకాలం పాట, సగం చరణంలోనే కళ్లు మూతలు పడేవి. నేను కడవలోంచి నీళ్లు ముంచి ఇస్తే గటగటా తాగి నా ముఖం చూసి నవ్వేది. ఈ సంగతి నాయనకు చెప్పాలని ఒకసారి నోటిదాకా వచ్చింది. దేవుని పాటను నీళ్లడగడానికి వాడుతుందా అని ఇద్దరినీ కలిపి వాయిస్తాడని ఊరుకున్నాను. నాయనంటే నాకు అంత భయం. అంత ఇష్టం కూడా. ఆయన ఒక్కసారి "భేష్" అంటే నాకు వారం రోజులు అన్నం అక్కర్లేదు.

ఆ ఏడు కోతపండుగ వచ్చింది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు కొత్త పంట తెచ్చి చర్చిలో పెడతారు. జొన్న కంకులు, శనగలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధనలో పిల్లలు వరుసగా నిలబడి వాక్యాలు అప్పజెప్పాలి, ఆ తర్వాత తెచ్చినవన్నీ వేలం వేస్తారు. కడప నుంచి పెద్ద పాస్టరుగారు వస్తున్నారని నాయన నెల రోజులు మా ప్రాణాలు తోడేశాడు. అందరికంటే పొడుగు భాగం నాకిచ్చాడు. రూతిని వరుసలో నిలబెడితే పరువు పోతుందని ఇంట్లో జేజి దగ్గర వదిలేశారు. జేజికి మోకాళ్ల నొప్పులు, పండుగ వంట చూసుకుంటానంది. చర్చికీ మా ఇంటికీ మధ్య ఒక గోడ, గోడలో మనిషి పట్టేంత సందు. అంతే దూరం.

నా ముందు ఇంకా ఇద్దరు పిల్లలున్నారనగా పక్క తలుపులోంచి రూతి లోపలికి వచ్చింది. లంగా నిండా బూడిద, జుట్టంతా రేగిపోయి ఉంది. అమ్మ దగ్గరికి పోలేదు, నాయన దగ్గరికి పోలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా లంగా గుప్పిట్లో పట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ పాట ఎత్తుకుంది. భూస్థాపన పాట. సమాధిలోకి పెట్టె దించేటప్పుడు తప్ప ఎవరూ పాడని పాట. కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఒక ముసలామె చెవులు మూసుకుంది.

మనిషి కదలకుండా పడి ఉంటే ఆ పాట పాడతారని రూతికి తెలుసు. ఇంట్లో జేజి ఒక్కతే ఉందని నాకు తెలుసు. ఈ రెండూ కలుపుకోవడానికి నాకు రెప్పపాటు కాలం కూడా పట్టలేదు. పెద్దయ్యాక ఊహించుకుని రాస్తున్న మాట కాదిది, ఆ క్షణంలోనే నాకు తెలిసింది. నోరు తెరిచాను. అంతలో నాయన చూపు నా మీద పడింది. నా వంతు వచ్చేస్తోంది, నెల రోజుల బట్టీ, ఎదురుగా పెద్ద పాస్టరుగారు. నేను నోరు మూసుకుని, నా లంగాను రూతి గుప్పిట్లోంచి లాక్కున్నాను.

నాయన దాని చెవి పట్టుకుని పక్కనున్న బడిగదిలోకి ఈడ్చుకుపోయాడు. బయట గడియ పెట్టి వచ్చి, "పండగ పూట పీనుగు పాట! ఇది పొగరు గాక ఏంది?" అని పళ్లు కొరికాడు. అది లోపల పాడుతూనే ఉంది. నా వంతు వచ్చింది. గోడకు అటు దాని పాట, ఇటు నా వాక్యం. ఒక్క తప్పు లేకుండా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు, పెద్ద పాస్టరుగారు నా తల నిమిరారు. నాయన "భేష్" అన్నాడు. వేలం మొదలైంది. జొన్నలు పోయాయి, కోళ్లు పోయాయి. ఈ గుమ్మడికాయ అయినాక లేస్తాను, ఈ శనగల మూట అయినాక లేస్తాను అనుకుంటూ కూర్చున్నాను. లేవలేదు. కాసేపటికి బడిగదిలో పాట ఆగిపోయింది.

అందరికంటే ముందు అమ్మ ఇంటికి పోయింది. ఆమె కేక విని అందరూ గోడ సందులోంచి పరిగెత్తారు. జేజి పొయ్యి పక్కన పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది, కుడివైపంతా పడిపోయింది. పక్షవాతం. సంగటి కుండ మాడి ఇల్లంతా పొగ. పొయ్యిలోంచి జారిన నిప్పుల మీద ఆమె కుడిచెయ్యి ఉంది. తీసుకునే సత్తువ లేక అట్లాగే ఉండిపోయింది. విసుర్రాయి తిప్పే చెయ్యి. ఆసుపత్రిలో డాక్టరమ్మ "పడి ఎంతసేపైంది?" అని అడిగింది. "ఎవురూ సూడల్యా మేడం" అన్నాడు నాయన. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

జేజి బతికింది గానీ మాట పోయింది. "ద... ద..." అనడం తప్ప ఏమీ రాదు. కాలిన వేళ్లు ముడుచుకుపోయాయి. విసుర్రాయిని మూలకు నెట్టేశారు. నాయన పొద్దునా సాయంత్రం ఆమె ముందు కూర్చుని "నీళ్లు కావాల్నామా? నొప్పి యాడుంది?" అని అడిగేవాడు. ఆమె మెడ నరాలు ఉబ్బేదాకా తంటాలు పడి, చివరికి ఏడ్చేది. రూతి ఆమె మంచం కోడు పట్టుకుని కూర్చునేది. పాడడం కూడా మానేసింది. ఇంట్లో ఇద్దరు నోరు లేనివాళ్లు, వాళ్ల మధ్య నోరున్న దొంగను నేను.

ఒక సాయంత్రం ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నాం. నాయన కీర్తన ఎత్తుకున్నాడు. రెండో చరణంలో ఇంకో గొంతు కలిసింది. జేజి! మాటలన్నీ స్పష్టంగా, ఒక్కటి కూడా తడబడకుండా పాడుతోంది. అమ్మ చేతిలోంచి పుస్తకం జారిపోయింది. నాయన పాట ఆపేసి, "మాటొచ్చెనేమా నీకు! చెప్పుమా, ఏం కావాల్నో చెప్పు!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జేజి నోరు తెరిచింది. "ద... ద... ద..." అంతే. నాయన మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ పాడింది. ఆపి అడిగితే మళ్లీ "ద... ద..." మూడుసార్లు ఎత్తాడు, మూడుసార్లు ఆపాడు. అప్పుడు రూతి లేచి వచ్చింది. ఎండిపోయిన జేజి పెదాల వంక చూసి, బావి దగ్గరి ఆడమనిషి పాట అందుకుంది. జేజి తల ఊపుతూ గొంతు కలిపింది. రూతి పాట ఆపకుండానే పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె నోటికి పెట్టింది. జేజి గటగటా తాగింది.

నాయన తల్లి చెయ్యి వదిలేశాడు. కన్నతల్లిని పొగరుబోతు అనలేడు కదా. చూపు తల్లి మీదికి పోయింది, కూతురి మీదికి పోయింది, మళ్లీ తల్లి మీదికి పోయింది. నేను ఎన్నడూ వినని గొంతుతో నన్ను అడిగాడు. "సుగుణా, ఆ పండగ పొద్దు రూతి ఆ పాట ఎందుకు పాడిండేదో నీకు తెల్సునా?"

"తెలీదు నాయనా" అన్నాను.

రూతి చెంబు పట్టుకుని నన్నే చూస్తోంది.

మర్నాడు పొద్దున విసుర్రాయి చప్పుడుకు మెలకువ వచ్చింది. జేజి చోట్లో నాయన కూర్చున్నాడు, అటువైపు రూతి. మగవాడు, పైగా పంతులు, రాగులు విసరడం! సందంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అన్నాడు. పాట పాడుతూ పాడుతూ చరణంలో చివరి మాట ముందు గొంతు ఆపేవాడు, రాయి కూడా ఆపేవాడు. రూతి ఆ మాట అంటే రాయి తిరిగేది. కొన్నాళ్లకు అదే రాగంలో "రూతికి కావాల్సింది..." అని పాడి ఆపడం మొదలుపెట్టాడు. జవాబు ఆలస్యమైతే బెత్తం తీసే మనిషి, కొయ్యపిడి పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. వారాలు గడిచాయి. ఒకరోజు రూతి రాగం లేకుండా, ఒట్టి మాటగా, "నీళ్లు" అంది. నాయన పిండిచేతులతోనే ముఖం కప్పుకున్నాడు. కూతురికి క్షమాపణ చెప్పాడా అంటే, లేదు. ఆ కాలపు తండ్రులకు అది చేతకాదు. బెత్తం మాత్రం మళ్లీ ఇంట్లో కనిపించలేదు.

జేజి ఏడాది తిరక్కుండానే పోయింది. భూస్థాపన నాడు అందరం ఆ పాట పాడుతుంటే రూతి మాత్రం నోరు కలపలేదు. తర్వాత బడిలో మూడో తరగతి దాటలేకపోయింది. దానికి ఎట్లా చెబితే ఎక్కుతుందో తెలిసినవాళ్లు అప్పట్లో లేరు. కుట్టుమిషను నేర్చుకుంది. కొలత జాకెట్టు ఇచ్చి పోతే చాలు, మాటలతో పని లేదు. ఇప్పటికీ జమ్మలమడుగులో మిషను తొక్కుతూనే ఉంది. మూడు నాలుగు మాటలు కూర్చుకుని నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ పండుగ గురించి మా ఇద్దరి మధ్య ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మాట రాలేదు.

ఇదంతా, పులివెందుల హాల్లో అభి డాక్టరు బొమ్మ పాట మూడోసారి ఎత్తుకునేలోపు నా కళ్ల ముందు తిరిగిపోయింది. అందరూ నవ్వుతున్నారు. ఇప్పుడు నోరు తెరిస్తే కూతురి పండుగ పాడవుతుంది. నిజం చెప్పాలంటే అరవై దాటిన ఈ వయసులో కూడా నాకు భయమేసింది. లేచి, సునీత చేతిలో ఫోనును కిందికి దించాను.

"అది పాట కాదే" అన్నాను. "చెవి నొప్పి అని చెప్తాండాడు. నుదురు ముట్టుకోని సూడు."

నుదురు కాలిపోతోంది. శేఖర్ పరుగున వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే అమ్మమ్మ తెలివైంది అనుకునేవాళ్లు. నేను ఆగలేదు. "వానికి పాటలే వచ్చు సునీతా. మాట రాదు. రూతి చిన్నమ్మ మాదిరే. డాక్టరుకు సూపిచ్చల్ల."

"మా ఇంట్లో మొగపిల్లోల్లంతా లేటుగానే మాట్లాడినారు వదినా" అంది వియ్యపురాలు, ముఖం మాడ్చుకుని. సునీత నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. "పుట్టిన్రోజు పూట, ఇంతమంది ముందర, నా కొడుకును మూగోడు అంటివి. నీ నోరు పడిపోను! నువ్వసలు అమ్మవేనా?" ఆ సాయంత్రమే బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేశాను. చెవికి చీము పట్టిందని, మందులిచ్చారని అల్లుడు ఫోను చేసి చెప్పాడు. కూతురు ఫోను తియ్యలేదు. పది రోజులు అన్నం సహించలేదు నాకు. అప్పుడు చెప్పక ఒక చెయ్యి కాలింది, ఇప్పుడు చెప్పి కూతురు పోయింది అని ఏడ్చుకున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం సునీత పిల్లవాణ్ణి చంకనేసుకుని నా గడపలో నిలబడింది. "ఫోను దాపెట్టి సూసినా మా" అంది లోపలికైనా రాకుండా. "కూల్‌డ్రింకు మాట చెప్పంగానే నీళ్లియ్యకుండా 'ఏం కావాల్రా' అని అడిగితి. మళ్లా అదే చెప్పె. నేను మళ్లా అడిగితి. నేలమీద పడి ఏడ్చె గానీ నీళ్లు అనే మాట రాల్యామా వానికి." చెప్పలేక అక్కడే కూలబడింది. ఆ రోజు దానికి జేజి సంగతి, కోతపండుగ సంగతి, "తెలీదు నాయనా" అన్న అబద్ధంతో సహా అన్నీ చెప్పాను. సునీత నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. పిల్లవాణ్ణి తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది.

ప్రొద్దుటూరులోనే ఒక మేడమీది గదిలో, మాట సరిగా రాని పిల్లలను చూసే అమ్మాయి ఉంది. సునీత కంటే చిన్నది. ముందు వాడి వినికిడి పరీక్ష చేయించింది. తర్వాత గంటసేపు నేల మీద కూర్చుని వాడితో ఆడింది. ఆటలోనే అన్నీ కనిపెడుతోందని నాకు ఆలస్యంగా అర్థమైంది. "ఈ బాబు మొండి కాదు, మొద్దు కాదు మేడం" అంది చివరికి. "విన్నదాన్ని ముద్దగా మింగుతున్నాడు, మాటమాటగా విడదీసుకోలేకపోతున్నాడు. వాడు చెప్పే ప్రకటన వెనక ఏం అడుగుతున్నాడో చూడండి. ఆ ఒక్క మాట మీరు అనండి. ఆగండి. వాడు అన్నా అనకపోయినా అడిగింది ఇవ్వండి." ఇంకా చూడాల్సినవి ఉన్నాయనీ, నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చనీ దాచకుండా చెప్పింది. తన తప్పేనా అని సునీత అడిగితే, కాదంది. నాకు మాత్రం ఆ గదిలో విసుర్రాయి ఆగిన చప్పుడు వినిపించింది. నాయన కూతుర్ని బెత్తంతో కొట్టి, తల్లి నోరు పడిపోయాక తెలుసుకున్నది ఇప్పుడు ఒక చిన్నపిల్ల ఓపిగ్గా కూర్చోబెట్టి చెబుతోంది. కాలం మారింది, సంతోషమే. అయితే చప్పట్లు మారలేదు. అప్పుడు చర్చిలో కొట్టాం, ఇప్పుడు ఫోను పట్టుకుని కొడుతున్నాం. అప్పజెప్పే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా, వాళ్లు సొంతంగా ఒక్క మాట అడగగలరా అని చూసే మనిషి ఒకరుండాలి. నా ఒకటో తరగతిలో కూడా అట్లాంటి పిల్లలు ఉండే ఉంటారు, ఎక్కాలు గడగడా చెప్పి నన్ను మురిపించి పోయి ఉంటారు. ఆ ముఖాలు గుర్తు చేసుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ ఆదివారం ముగ్గురం జమ్మలమడుగు పోయాం. రూతి మిషను దగ్గర ఉంది. జుట్టంతా తెల్లబడింది, వెన్ను వంగింది. అభి గదంతా తిరిగి, కుండ ముందు నిలబడి కూల్‌డ్రింకు ప్రకటన మొదలుపెట్టాడు. రూతి నవ్వలేదు, మెచ్చుకోలేదు. మిషను ఆపింది. లేచి గ్లాసుతో నీళ్లు ముంచి, వాడి ముందు చతికిలబడి, గ్లాసును వాడి కళ్ల ఎదురుగా పట్టుకుంది. "నీళ్లు" అంది. ఆగింది. వాడు గ్లాసును చూశాడు, రూతి నోటిని చూశాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. రూతి గ్లాసు ఇచ్చేసింది. "తొందర ల్యా" అంది సునీతతో.

సునీత కళ్లు తుడుచుకుంది. "చిన్నమ్మా, అమ్మే కనిపెట్టింది. అందరి ముందర చెప్పింది. నేనే శానా మాటలంటి అమ్మను."

రూతి నా వైపు తిరిగింది. ఏదో చెప్పబోతోందని తెలిసింది. మామూలుగా అయితే దాని మాట నేనే అందుకుని పూర్తిచేసేదాన్ని. ఆ రోజు ఊరుకున్నాను. అది మాటలు వెతుక్కుంటూ ఉంది. అభి నీళ్లు తాగడం అయిపోయింది, గ్లాసు కింద పెట్టాడు, అది ఇంకా వెతుక్కుంటూనే ఉంది.

"పండగ పొద్దు" అంది. "నీకు తెల్సు."

"తెల్సు రూతీ" అన్నాను.

"చెప్పల్యా."

"చెప్పల్యా."

అది లేచి నా దగ్గరికి వచ్చింది. నా చీర కుచ్చిళ్లను గుప్పిట్లో పట్టుకుని, ఆ రోజు చూసినట్టే నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను లాక్కోలేదు.